గద్దలు దిగేదాకా పొయ్యి వెలిగించని ఊరు

"రాబందు ఈక కోసం ఎవరైనా అంత దూరం పోతారా?" అని మా అమ్మ అడిగింది. పోతారు. నేను పోయాను. పైగా ఆ రోజులకు జీతం కూడా తీసుకున్నాను.

రెండు వేల దశకం నడిమధ్య మాట ఇది. అప్పట్లో హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. నెత్తుటి చుక్క, వెంట్రుక కుదురు, ఈక మొదలు, ఏది చేతికిస్తే దాంట్లోంచి డీఎన్‌ఏ తీయడం నా పని. చల్లటి గది, తెల్ల కోటు, వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు. ఎన్నో జంతువుల గుట్టు నా బల్ల మీదికి వచ్చేది కానీ, వాటిలో ఒక్కదాని ముఖమైనా చూసి ఎరుగను.

మాకు నమూనాలు తెచ్చే వాళ్లలో సుధ అనే పక్షుల పరిశోధకురాలు ఉండేది. నాకంటే చిన్నది, నాకంటే బాగా మొండిది. ఒకరోజు వచ్చి నా బల్ల మీదే ఎక్కి కూర్చుని సంగతి చెప్పింది. భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో, ఒక కొండ చరియ మీద రెండే రెండు రాబందులు మిగిలాయి. ఏటా చలికాలంలో గూడు కడతాయి. వంతులేసుకుని పొదుగుతాయి. పిల్ల మాత్రం రాదు. ఎందుకు రాదు? రాబందుల్లో ఆడదీ మగదీ చూపుకు ఒక్కలాగే ఉంటాయి. అవి నిజంగా ఆలుమగలే అయితే, తినే తిండిలోనో చుట్టుపక్కల గొడవలోనో లోపం ఉన్నట్టు. దాన్ని సరిచేసి వాటిని ఆ కొండ మీదే ఉంచొచ్చు. కాకపోతే పట్టుకుని, నగరంలో కొత్తగా పెట్టిన రాబందుల పెంపక కేంద్రానికి చేర్చాలి. అక్కడ జత దొరుకుతుంది. తేల్చి చెప్పాల్సింది ఈక మొదట్లో ఉండే పిసరంత ఎండిన నెత్తురు.

"ఖమ్మం మీ ఊరే కదా, నువ్వూ రా. అక్కడికక్కడే ఈకలు సరిగ్గా భద్రపరచొచ్చు" అంది సుధ. ఖమ్మం మా ఊరే. కానీ ఖమ్మంలో పుట్టి పెరిగి, భద్రాచలం గుడి మెట్లు తప్ప ఆ అడవి వైపు తొంగి చూడని లక్షల మందిలో నేనూ ఒకదాన్ని. ఆ మాట పైకి అనకుండా సరేనన్నాను.

ఖమ్మం

మార్చిలో ఖమ్మం స్టేషన్‌లో దిగిన వాళ్లకు ఊరు కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. మిర్చి సీజను. రైలు మెట్టు దిగుతూనే సుధ తుమ్మడం మొదలుపెట్టి, ఆటో మా సందు చేరేదాకా ఆపలేదు. "ఈ గాలిలో జనం ఎట్లా బతుకుతారు?" అంది కళ్లు తుడుచుకుంటూ. బతకడమే కాదు, కంచంలో వేసుకుని తింటారు కూడా అని చెప్పాను. నాకైతే ఆ ఘాటు తగలగానే ఇంటికొచ్చానని ప్రాణం లేచి వచ్చింది. మా నాన్నకు మిర్చి యార్డు వెనక గోనె సంచుల దుకాణం. ఆయన చొక్కా ఏ రోజు దులిపినా మేమంతా తుమ్మేవాళ్లం. ఆయన పోయాక ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు.

అమ్మ మాకు చింతపండు పులిహోర, చేగోడీలు, ఓ సీసాడు మామిడికాయ పచ్చడి కట్టింది. రాబందు ఈకల పెట్టె పక్కన పెట్టొద్దని వందసార్లు చెప్పింది.

జీపు ఖాజా భాయ్‌ది. వాళ్ల తాత కాలం నుంచి ఖమ్మంలోనే ఉన్న కుటుంబం. యాభై దాటిన మనిషి, గడ్డానికి గోరింటాకు ఎరుపు, జీపుకంటే ఎక్కువ చప్పుడు చేస్తాడు. బేరం మొదట్లోనే తేల్చేశాడు.

"జీపు కిరాయి నాది. డీజిల్ మీది. తిండి మీది. టైరు పంచరైతే అల్లాది."

పంచర్లు అల్లా ఖాతాలో బాగానే పడ్డాయి.

సత్తుపల్లి

నేరుగా కొత్తగూడెం మీదుగా పోకుండా సత్తుపల్లి వైపు తిప్పించింది సుధ. అక్కడి తాటితోపుల్లో ఒకప్పుడు రాబందులు రాత్రిళ్లు వాలేవని ఎవరో చెప్పారట. వరి మళ్లు, పామాయిల్ తోటలు, వాటి వెనక బొగ్గు గనుల మట్టి దిబ్బలు. దారి మీద లారీలు లేపిన నల్లటి దుమ్ము మా పులిహోర దాకా వచ్చింది. తాడిచెట్లు ఉన్నాయి, వాటి మీద కాకులున్నాయి. అంతే.

ఖాజా భాయ్ మేనమామ ఆ ఊళ్లోనే తోళ్ల వ్యాపారం చేసేవాడు. మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. బగారా అన్నం, దాల్చా. ఆ దాల్చాలో సొరకాయ ముక్క నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఎన్నిసార్లు చేసినా ఆ రుచి రాదు, నేను ఆ మాట అనకుండా మా ఆయన దాన్ని ఏనాడూ తిన్నదీ లేదు.

రాబందుల మాటెత్తగానే పెద్దాయన తినడం ఆపాడు. ఆ వైపు వాళ్లు రాబందుల్నీ గద్దలనే అంటారు.

"మా అబ్బాజాన్ జమానాల పశువు సచ్చిందని కబురొస్తే సైకిల్ మీద ఉరికేటోళ్లం. జర లేటైతే గద్దలు దిగి తోలు చింపి పెట్టేటియి. వాటిని ఎంత తిట్టుకున్నమో! ఇప్పుడు జల్దీ పోయే పనే లేదమ్మా. రెండొద్దుల తర్వాత పోయినా పశువు గట్లనే ఉంటది, ఉబ్బి. కుక్కలే దిక్కు."

పశువుల నొప్పులకు వేసే ఒక సూదిమందు దీనికి కారణమని, ఆ మందు పడిన పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుందని సుధ వివరించింది. ఆయన తల పట్టుకున్నాడు. "మా తిట్లు తగిలినయనుకున్న" అన్నాడు.

వాతావరణం బరువెక్కిందని కాబోలు ఆయన భార్య నన్ను అడిగింది, ఈకను బట్టి ఆడా మగా ఎట్ల చెబుతవు బిడ్డా అని. నాకు ఇష్టమైన ప్రశ్న. మనుషుల్లో పుట్టేది ఆడో మగో తేల్చే ముక్క తండ్రి దగ్గర ఉంటుందనీ, పక్షుల్లో అది తల్లి దగ్గర ఉంటుందనీ, ఆడపక్షి డీఎన్‌ఏను పరీక్షిస్తే రెండు గీతలు, మగదానికి ఒకే గీత పడుతుందనీ చెప్పాను.

ఆమె వింటూ వింటూ పకపకా నవ్వింది. "అంటే ఆడపిల్లను కన్నదని కోడల్ని తిట్టే హక్కు గద్దల్ల అత్తలకే ఉన్నదన్న మాట! మా అత్త బతికుంటే చెప్పేదాన్ని." నాలుగేళ్లు జన్యుశాస్త్రం చదివిన నాకు ఆ సంగతి అట్లా ఎన్నడూ తట్టలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక మా ల్యాబులో అందరికీ చెప్పి నవ్వించాను.

గోదావరి దాటాక

భద్రాచలం వంతెన మీద జీపు ఆపించి గోదావరిని చూశాం. నీళ్లు సన్నబడి ఇసుక మేటలు బయటపడ్డాయి. రేవు దగ్గర టీ రెండు రూపాయలు, అందులో సగం అల్లమే. ఊరు దాటిన కాసేపటికే రోడ్డు మట్టిదారి అయింది, ఆ తర్వాత దారి అన్న పేరు కూడా దానికి ఎక్కువైంది. ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద తెల్లారకుండానే ఊడ్చి శుభ్రం చేసుకున్న జాగాల్లో లేతపసుపు పూలు పరుచుకుని ఉన్నాయి. ఆ తీపి వాసన జీపు లోపలికి వచ్చి కూర్చుంది. రెండో పంచరప్పుడు బుట్టతో పూలు ఏరుతున్న ఒకామె గుప్పెడు తెచ్చి నా చేతిలో పోసింది. ఒకటి తిని, బాగుందని గబగబా మిగతావీ తిన్నాను. ఆ సాయంత్రమంతా తల తిరుగుతూనే ఉంది. సుధ నవ్వుతూనే ఉంది.

మేం చేరిన గూడెం పేరు రాయను. పాతిక ఇళ్లుండేవేమో. వెనక కొండ, కొండకు ఎర్రటి చరియ, చరియ మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు. రాబందుల రెట్టల గుర్తులవి. బైనాక్యులర్‌లో చూస్తే ఆ చారల పైన ఒక అరుగు, అరుగు మీద పుల్లల గూడు, దాని పక్కన మెడలు భుజాల్లోకి దించుకుని రెండు పక్షులు. నా జీవితంలో మొదటిసారి, నా పనికి ఒక ముఖం కనిపించింది. అందమైన ముఖమని చెప్పలేను. అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు.

మాకు బస ఇచ్చింది ముత్తమ్మ, జోగమ్మ. ఇద్దరూ సవతులు. వాళ్ల పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది. పెద్దది ముత్తమ్మ, ఎముకల గూడులాంటి మనిషి, మాట కటువు. చిన్నది జోగమ్మ, గుండ్రంగా, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకునే రకం. కొండ కింద చేను, నాలుగు మేకలు, ఒక ముసలి నల్లావు. పొద్దున లేచింది మొదలు ఇద్దరూ కీచులాడుకునేవాళ్లు. తమలో తాము కోయ భాషలో, మాతో తెలుగులో. తిట్టు ఏ భాషలో ఉన్నా తిట్టని తెలుస్తుంది కదా. కానీ ఒకరు లేకుండా ఇంకొకరు ముద్ద ముట్టగా నేను చూడలేదు.

ఆ పూట అడ్డాకుల దొప్పల్లో జొన్న అంబలి, విస్తట్లో చింతచిగురు పప్పు. పక్కన కొద్దిగా ఎర్రచీమల పచ్చడి. పుల్లగా, కారంగా, నాలుక చివర చురుక్కుమంది. అమ్మ పచ్చడి సీసా తీసి వాళ్లకిస్తే, ముత్తమ్మ రుచి చూసి "నూనె మస్తున్నది, పులుపు లేదు" అని తేల్చేసింది. ఈ మాట అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

సుధకు ఒక మంచి గుణం, ఏదీ దాచదు. పరీక్షలో జంట కాదని తేలితే పక్షుల్ని పట్టుకుపోతారని తిండి దగ్గరే చెప్పేసింది. జోగమ్మ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ముత్తమ్మ మాత్రం తొణకలేదు.

"జంటనే. మేం సూస్తలేమా? జంట గాకుంటే గూడెందుకు గడతయి?"

"అవ్" అంది జోగమ్మ. వాళ్లిద్దరూ ఒక్క మాట మీద ఉండగా చూడటం అదే మొదలు.

ఈకల కట్ట

అంతకు ముందు చలికాలంలో సుధ వచ్చినప్పుడు, రాలిన ఈకలు దొరికితే ఏరి పెట్టమని వాళ్లకు చెప్పి వెళ్లింది. చరియ కింద లోయలోకి దిగే దారి లేదు. పశువు చచ్చినప్పుడు కొండ మొదట్లోని బండ మీదికి పక్షులు దిగుతాయి, అక్కడ దొరికినవే ఈకలు. నెలల తరబడి ఏరారు ఇద్దరూ.

మర్నాడు పొద్దున్నే జోగమ్మ చూరులోంచి ఒక కట్ట దించి, రెండు చేతులతో సుధకు అందించింది. ఎంత బాగున్నాయో! మూరెడేసి ఈకలు, కుంకుడు రసంతో కడిగి, ఎండలో ఆరబెట్టి, నూనె చెయ్యితో నిమిరి, వరసగా పేర్చి ఎర్రదారంతో కట్టింది. ఏ ఒక్కదానికీ మొదలు లేదు. అన్నీ శుభ్రంగా, ఒకే కొలతకు కత్తిపీటతో కోసేసి ఉన్నాయి.

సుధ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా నోరు ఊరుకోదు కదా.

"అయ్యో, మొదళ్లు కోసేశారా! మాకు కావాల్సింది అదే!"

జోగమ్మ ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. "నెత్తురంటుకుని ఉన్నయి బిడ్డా. సచ్చిన పశువు కుళ్లు. చుట్టాలకిచ్చేది గట్ల మురికితోని ఇస్తమా?"

"నేను చెప్పలే? ఏదిస్తే గదే ఇయ్యాలె, నీ సోకులు సెయ్యకని?" అని ముత్తమ్మ అందుకుంది.

"నువ్వే గదనే దారం తెచ్చినవు!"

ఇక అక్కడి నుంచి కోయలో సాగింది. జోగమ్మ ఏడుస్తూ మేకల దగ్గరికి పోయి కూర్చుంది. సుధ ఆ కట్టను పక్కన పెట్టకుండా, నా పెట్టెలో పైన, అన్నిటికంటే జాగ్రత్తగా సర్దింది. దాంట్లోంచి నాకు డీఎన్‌ఏ పిసరు కూడా రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆ రోజంతా కొండ మొదట్లో వెతికాం. వానకు నాని, చీమలు కొరికిన పాత ఈకలు రెండు దొరికాయి. వాటి మొదళ్లలో మట్టి తప్ప ఏమీ లేదు. సాయంత్రం తిరిగొస్తుంటే ఖాజా భాయ్, "ఇంత దూరమొచ్చి ఖాళీ చేతుల్తో పోవుడేనా మేడం?" అన్నాడు.

బండ దగ్గర

మేం వచ్చిన రోజు నుంచీ నల్లావు కొట్టంలో పడుకునే ఉంది. మర్నాడు తెల్లారేసరికి పోయింది. జోగమ్మ దాని మెడ మీద తల పెట్టి ఏడ్చింది. ముత్తమ్మ ఏడవలేదు కానీ, దాని చెవిలోంచి పిడుదులు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది, ఇంకా బతికున్న ఆవుకు చేసినట్టు. సూదిమందు ఏమైనా వేయించారా అని సుధ మెల్లగా అడిగింది. లేదు, చెట్టుమందే పోశామంది ముత్తమ్మ.

ఇరుగుపొరుగు వాళ్లు తాళ్లు కట్టి బండ మీదికి లాగారు. ఖాజా భాయ్ కూడా ఓ తాడు పట్టాడు. తర్వాత అందరూ వెళ్లిపోయారు. సవతులిద్దరూ మాత్రం ఇంటికి పోయి పొయ్యి మీద నీళ్లు చల్లి, మళ్లీ వచ్చి బండకు ఎదురుగా చెట్ల చాటున కూర్చున్నారు. మమ్మల్నీ కూర్చోమన్నారు.

అప్పుడు తెలిసింది ఆ ఊరి పద్ధతి. ఇంటి పశువు చచ్చిన రోజు, గద్దలు దిగి దాన్ని ముట్టేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇంట్లో తిన్నవాళ్లెవరూ ముద్ద ముట్టరు. రెండు రోజులుగా వాళ్లింట్లో తింటున్న మేం కూడా.

"మన చేతి గడ్డి తిన్న జీవం. దానితోని ఒకరి కడుపు నిండినంకనే మనం తినాలె" అంది ముత్తమ్మ. "మునుపు తాడు ఇప్పకముందే దిగేటియి, బిడ్డా. పొయ్యి సల్లారకముందే మల్ల అంటుపెట్టుకుందుము. ఇప్పుడు రెండే గద. ఎప్పుడు సూస్తయో, ఎప్పుడు దిగుతయో."

నేను ఆకలికి ఓర్చుకునే మనిషిని కాను. మా ఇంట్లో శివరాత్రి ఉపవాసం కూడా పదిన్నరకల్లా పళ్లతో మొదలవుతుంది. మధ్యాహ్నానికి నా కడుపు చేసే చప్పుడు సుధకు వినబడింది. ఖాజా భాయ్ తాపీగా చెట్టుకు ఆనుకుని, "నాకు రంజాన్ రోజాలు అలవాటే" అని కళ్లు మూసుకున్నాడు. సంచీలో బిస్కెట్ పొట్లం ఉంది. చేగోడీలు మిగిలే ఉన్నాయి. ఏదో వెతుకుతున్నట్టు సంచీలోకి చెయ్యి పెట్టాను. ప్లాస్టిక్ కాగితం చప్పుడు ఆ అడవిలో ఎంత గట్టిగా వినిపిస్తుందో అక్కడ కూర్చుంటే తప్ప తెలియదు. నలుగురూ నన్ను చూశారు. రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను.

పొద్దు వాలింది. పక్షులు రాలేదు. కుక్కలు రాకుండా వంతులేసుకుని కాపలా కాశాం. మర్నాడు పొద్దెక్కింది. జోగమ్మ కూర్చున్నచోటే పక్కకు ఒరిగింది. ముత్తమ్మ ఆమె తలను లాగి తన ఒళ్లో పెట్టుకుని పేలు చూడసాగింది, తిట్టడం ఆపకుండానే. ఆ ఇద్దరూ అట్లా కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్టు ఉంది. అప్పుడు ఫోటో తీయాలని తోచలేదు. ఆకలి అన్నీ మరిపిస్తుంది.

ముందు నీడ వచ్చింది. బండ మీదుగా ఒక పెద్ద నీడ, దాని వెనకే ఇంకోటి. తలెత్తితే రెక్కలు కదపకుండా చుట్లు తిరుగుతూ దిగుతున్నాయి. నేల మీదికి రాగానే ఆ ఠీవి అంతా పోయి, చెప్పు తెగిన మనిషిలా కుంటుకుంటూ ఆవు దగ్గరికి నడిచాయి. ఒకటి తింటుంటే ఇంకోటి చుట్టూ చూస్తూ నిలబడింది. తర్వాత అది తింది, ఇది కాపలా కాసింది. జోగమ్మ రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. ఎవరి కోసమో, ఆవు కోసమో, గద్దల కోసమో చెప్పలేను.

"పోదాం లే, పొయ్యి అంటుపెట్టాలె" అని ముత్తమ్మ లేచింది.

పక్షులు ఎగిరిపోయాక సుధా నేనూ బండ మీదికి పరుగెత్తాం. ఈకలు దొరికాయి, తాజావి, మొదళ్లతో, మొదట్లో ఎండీ ఎండని నెత్తుటి మచ్చతో. జోగమ్మ మా వెనకే వచ్చింది. వంగి ఒకటి తీసి, తుడవబోయి, ఠక్కున చెయ్యి వెనక్కి లాక్కుని, అట్లాగే మురికితో నా చేతికిచ్చింది. మళ్లీ ఏడ్చిందనుకోండి.

ఆ పూట తిన్న అంబలి లాంటి అంబలి నేను మళ్లీ తినలేదు. జీలుగు కల్లు కూడా పోశారు. ఖాజా భాయ్ మర్యాదగా వద్దన్నాడు, ఆయన వంతు సుధ తాగింది.

సంత రోజు ఫోను

తిరిగొచ్చే ముందు ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆ మండల కేంద్రంలో సంతకు ఇద్దరూ వారం వారం వస్తారు. సంత పక్కన పసుపు బోర్డు ఎస్టీడీ బూత్ ఉంది. నంబరు రాసుకున్నాను. ఫలితం వచ్చాక సంత రోజున నేను ఫోను చేస్తాను, వాళ్లు అక్కడ ఉంటారు.

పరీక్ష రోజు చీకటి గదిలో నీలం వెలుతురు కింద డీఎన్‌ఏ గీతలు తేలే జెల్ పలక పెట్టాను. ఈకలు రెండు వేరు వేరు పక్షులవేనని ముందే తేలింది. మొదటి పక్షి వరసలో రెండు గీతలు. ఆడది. రెండో పక్షి వరస చూశాను. అక్కడా రెండు గీతలే. పొరపాటేమోనని మళ్లీ మొదటి నుంచీ చేశాను. మళ్లీ రెండూ రెండే. నా వెనక నిలబడ్డ సుధ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇన్నేళ్లుగా రెండు ఆడపక్షులు కలిసి గూడు కట్టి, పిల్ల రాని గుడ్లను వంతులేసుకుని పొదిగాయి.

సంత రోజున ఫోను చేస్తే బూత్ అతను ఎత్తాడు. "మీ ముసలోళ్లు పొద్దుగాల నుంచి ఈడనే కూసున్నరు మేడం" అని రిసీవర్ ఇచ్చాడు. ఒకే రిసీవర్‌కు ఇద్దరూ చెవులు ఆనించినట్టున్నారు, రెండు ఊపిరులు వినిపించాయి.

"అమ్మా, రెండూ ఆడవే" అన్నాను.

అవతల కోయలో ఏవో మాటలు, మెల్లగా. చివరికి ముత్తమ్మ గొంతు.

"మగది ఎన్నడో పొయ్యుంటది. ఆ సూదిమందు పశువుని తినుంటది."

"కావచ్చమ్మా."

"మరి మేం జంటనే అంటిమి."

చేతిలో ఉన్న ఫలితం కాగితం మడత పెట్టాను.

"తీస్కపోతరా?"

"తీసుకుపోతారమ్మా. కేంద్రంలో ఒక మగది ఉంది. ఇప్పటికి ఒకదానికే చోటుందట. రెండోదాన్ని తర్వాత..."

"ఒక్కదాన్ని తీస్కపోవద్దు, బిడ్డా." ఆ కటువైన గొంతు మొదటిసారి బతిమాలింది. "తీస్కపోతే రెండిట్ని తీస్కపోండ్రి. లేకుంటే రెండిట్ని ఇడిసిపెట్టుండ్రి. పిల్లలైతయో కావో మాకెరక లేదు. ఇన్నేండ్లు ఒకటి తింటుంటే ఒకటి కావలి గాసినయి. ఒక్కదాన్ని తీస్కపోతే మిగిలింది యాడుంటది?"

నేను ఆ మాటలు ఉన్నవున్నట్టు సుధకు చెప్పాను. సుధ కేంద్రం పెద్దలతో పోట్లాడింది. చోటు లేదన్నారు, డబ్బు లేదన్నారు, పక్షులకు అట్లాంటి మనసులుండవన్నారు. ఆమె మొండిదని ముందే చెప్పాను కదా. తర్వాతి చలికాలంలో రెండు పక్షుల్నీ ఒకే రోజు పట్టి, ఒకే బండిలో తెచ్చారు. నాకు సెలవు దొరక్క నేను పోలేదు. బండిని చూపు ఆనేదాకా చూసి సవతులిద్దరూ చేనులోకి పోయారని ఖాజా భాయ్ చెప్పాడు. ఇప్పుడు ఆ ఊళ్లో పశువు పోతే గొయ్యి తీసి పూడుస్తారట. పూడ్చినాక పొయ్యి వెలిగిస్తారట.

రెండేళ్లకు వాటిలో ఒకదానికి జత కుదిరింది, పిల్ల బయటికొచ్చింది. ఆ వార్త విన్న రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. సంత రోజు దాకా ఎట్లా ఆగానో నాకే తెలుసు. బూత్‌కు ఫోను చేసి, ముత్తమ్మను పిలిపించి, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను. పిల్ల పుట్టిందమ్మా, బాగుంది, తింటోంది, మీ కొండ గద్ద పిల్లే.

ఆమె సంతోషపడుతుందని ఎదురుచూశాను.

"రెండోది యాడుంది?" అంది.

"ఎక్కడికీ పోలేదమ్మా. అదే గదిలో ఉంది. పక్క అరుగు మీద."

"దానికిది కనపడతదా?"

"కనపడుతుంది. పొద్దస్తమానం అటే చూస్తూ కూర్చుంటుందట."

"గా మాట ముందు జెప్పొద్దా, బిడ్డా!" అంది ముత్తమ్మ.